మెట్ల గోడ మీది వైరు

ఆ వానాకాలం మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ నమ్మలేదు. మామయ్య పైవాటాలో అద్దెకుంటున్న టైలరమ్మని నమ్మలేదు. నేను ముందు టైలరమ్మని, ఆ తర్వాత మామయ్యని నమ్మలేదు. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోజంతా అద్దంలో వెనక జనాన్ని చూసి చూసి ఇంటికొచ్చేవారు, వచ్చి మమ్మల్నందర్నీ కూడా అలాగే చూసేవారు.

మామయ్య, అంటే మా ఆయన తండ్రి, ముప్పై ఏళ్లు టీవీలు బాగుచేసిన మనిషి. కొట్టు ఎత్తేశాక కూడా ముందుగదిలో ఒక బల్ల వేసుకుని, డబ్బాల నిండా స్క్రూలు పెట్టుకుని, వీధిలో వాళ్ల రేడియోలూ ఇస్త్రీపెట్టెలూ చూస్తుండేవారు. వానలు మొదలవడానికి కాస్త ముందు మేడ మీద సొంతంగా యాంటెన్నా నిలబెట్టారు. గాల్లో ఊరికే వచ్చేదాన్ని పట్టుకోవడం చేతకాకే జనం కేబుల్ వాళ్ల చుట్టూ తిరుగుతున్నారని ఆయన వాదన. అటక మీద పాత వైరు చుట్టలు రెండు మూడు ఉంటే వాటిలోంచి ఒకటి దింపి, మేడ మీద నుంచి పైవాటా కిటికీ పక్కగా, మెట్ల గోడ వెంబడి మేకులు కొట్టుకుంటూ మా హాల్లోకి లాగారు. నేను నిచ్చెన పట్టుకున్నాను. చుట్టని ఏరుకునేటప్పుడు దాన్ని వేళ్లతో నలిపి, బరువు చూసి, "ఇదే" అన్నారు. ఎంత అనుభవమో అనుకున్నాను.

రెండు వారాలు బొమ్మ అద్దంలా వచ్చింది. తర్వాత ఒక సాయంత్రం వార్తలు చదివే అమ్మాయి మొహం గళ్లుగళ్లుగా విడిపోయింది. గొంతు వెక్కిళ్లు పట్టినట్టు తెగి తెగి వచ్చింది. నిమిషం తర్వాత సర్దుకుంది. మర్నాడు మళ్లీ అంతే. మూడో రోజు మామయ్య మేడ మీదికెళ్లి యాంటెన్నా కదిపి వచ్చారు. నాలుగో రోజు టీవీకి తగిలించిన బాక్సు విప్పి మళ్లీ బిగించారు. ఐదో రోజు ఏమీ చెయ్యకుండా కుర్చీలో వెనక్కి వాలి, చెవులు రిక్కించి కూర్చున్నారు. బొమ్మ గళ్లు పడగానే వేలు పైకెత్తి చూపించారు. పైన కుట్టుమిషను గిర్రున తిరుగుతోంది.

"విన్నావా అమ్మాయ్? ఆవిడ మిషను ఎక్కితే మన బొమ్మ పోతుంది. దిగితే వస్తుంది."

అది నిజం. నేనూ కనిపెట్టాను. రెండు రోజులు వరసగా చూస్తే ఒక్కసారి కూడా తప్పలేదు.

టైలరమ్మ మా పైవాటాలోకి వచ్చి అప్పటికి ఏడాది. ఒంటరి మనిషి. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. నన్ను చెల్లెమ్మా అని, మామయ్యని బాబాయ్ గారూ అని పిలిచేది. ఆవిడకి ఇల్లిచ్చినప్పుడే మామయ్య ఇష్టపడలేదు. నెత్తి మీద మిషను పెట్టించుకుంటున్నారు మీరు, నా మాట విన్నారా అని మా ఆయన మీద చాలా రోజులు సణిగారు. యాంటెన్నా పెట్టిన కొత్తలో ఆవిడ మెట్ల మీద ఆగి, అందులోంచి తనకీ ఒక పాయ ఇవ్వడం కుదురుతుందా అని అడిగింది. చూద్దాంలే అని మామయ్య దాటేశారు. ఇప్పుడు ఆ మాట ఈయనకి గుర్తొచ్చింది. అడిగితే ఇవ్వలేదని ఆవిడే తీసుకుంటోందని తేల్చేశారు. వైరుకి ఒక గుండుసూది గుచ్చితే చాలట, అక్కణ్ణుంచి ఎంత కావాలంటే అంత లాక్కోవచ్చట. ఆవిడ ఇంట్లో సూదులకి కరువా అన్నారు.

నేను నవ్వాను గానీ ఆ మాట బుర్రలో నాటుకుంది. మర్నాడు నేను పనిచేసే మందుల షాపు నుంచి మధ్యాహ్నం ఇంటికొస్తూ మెట్ల దగ్గర ఆగి వైరు చూశాను. పైవాటా గుమ్మానికి జానెడు దూరంలో, వైరు తొక్క మీద సన్నటి చిల్లు. దాని చుట్టూ పచ్చగా చిలుము. గుండుసూది గుచ్చిన చోటు ఇదే అనుకున్నాను. మామయ్య కొట్టిన మేకుల్లో ఒకటి పక్కకి జారి తొక్కలో దిగి ఉండొచ్చన్న ఆలోచన ఆ రోజు నాకు రానేలేదు. అనుమానం ఒకసారి తలకెక్కాక కళ్లు దానికి కావలసినవే చూపిస్తాయి కాబోలు.

అప్పట్నుంచి నేను కిటికీ పక్కన నిలబడడం మొదలుపెట్టాను. టైలరమ్మ మెట్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆవిడ చేతులు చూసేదాన్ని. చేతిలో కత్తెర ఉందా, వైరు ముక్క ఉందా, గోడ పక్కన ఒక్క క్షణం ఆగిందా అని. ఆవిడ చేతుల్లో ఎప్పుడూ బట్టల సంచులే ఉండేవి. ఒకటి రెండుసార్లు నన్ను చూసి నవ్వింది. నేను కిటికీ తుడుస్తున్నట్టు నటించాను.

ఇంట్లో కూడా వాతావరణం బాగాలేదు. మామయ్య పెట్టినవి పెట్టిన చోట ఉండేవి కావు. బల్ల మీద నా వస్తువులు ఎవరు కదుపుతున్నారని నా మీద విసుక్కునేవారు. బాగుచేసి పంపిన రేడియో ఒకటి మళ్లీ వెనక్కొచ్చింది. నకిలీ పార్టులు అంటగడుతున్నారని దుకాణం వాణ్ణి తిట్టారు. పేపర్లో అచ్చు అలుక్కుపోతోందని పేపరు మాన్పించేశారు. టీవీ విషయానికొస్తే, గళ్లు పడడంతో ఆయన ఆగలేదు. గళ్లు లేనప్పుడు కూడా బొమ్మ మెలికలు పోతోందనేవారు. "చూడు, ఆ గోడ చూడు, వంకరగా లేదూ?" అని అడిగేవారు. నేను వంటింట్లోంచే, "అవును మామయ్యా" అనేదాన్ని. ఆయనతో వాదించి గెలిచిన వాళ్లెవరూ లేరు. చేతిలో పిండో, తడిగుడ్డో ఉండేది. వచ్చి చూసేదాన్ని కాదు.

ఒక ఆదివారం పొద్దున ఆయన టైలరమ్మని మెట్ల మీదే పట్టుకున్నారు. నేను వెనకే ఉన్నాను. కేకలేమీ వెయ్యలేదు. ఆయన కోపమొస్తే గొంతు తగ్గించే రకం. ఈ చిల్లు ఎవరిదని అడిగారు. ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో సంచి మెట్టు మీద పెట్టి, తలుపు బార్లా తెరిచి పక్కకి తప్పుకుంది.

"లోపలికొచ్చి చూడండి బాబాయ్ గారూ. నాకు టీవీయే లేదు. ఉన్నది పోయిన ఏడాదే అమ్మేశాను. మీరు పాయ ఇస్తానంటే పాతదేదైనా కొనుక్కుందామని అడిగాను."

గదిలో మిషను, బట్టల బల్ల, ఒక మంచం, మంచం పక్కన చిన్న రేడియో. అంతే. మామయ్య గుమ్మంలో నిలబడే లోపలికి చూశారు. టీవీ దాచెయ్యడం ఎంతసేపు అన్నట్టు తల పంకించి దిగొచ్చేశారు. నేను ఒక్క మాట అనాల్సింది. ఈయన అంతేలెండి, పట్టించుకోకండి అనైనా అనాల్సింది. ఆయన వెనకే దిగిపోయాను. సాయంత్రం ఆవిడ వచ్చి, నెలాఖరుకి ఖాళీ చేస్తానని మా ఆయనతో చెప్పి వెళ్లింది. నా వైపు చూడలేదు.

మా ఆయనకి ఒళ్లు మండింది. సాక్ష్యం లేకుండా మనిషిని దొంగని చేస్తారా అని తండ్రిని అడిగారు. సాక్ష్యం గోడ మీదే ఉందన్నారు ఈయన. అయితే దాన్నే చూపించి అడుగుదాం అని మా ఆయన నిచ్చెనెక్కి, చిల్లు పడిన చోట జానెడు వైరు కత్తిరించి, పోయిన మేరకి వేరే ముక్క అతికించి, కోసింది నా చేతిలో పెట్టారు. వైర్లు అమ్మే మనిషికి చూపించి రమ్మన్నారు.

వైర్ల కొట్టు మా మందుల షాపుకి నాలుగు కొట్ల అవతలే. అతను కుర్రతనంలో మామయ్య దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పటికీ గురువుగారనే అంటాడు. ముక్కని అటూ ఇటూ తిప్పి, కత్తి తీసి, పైతొక్క రెండు అంగుళాలు ఒలిచాడు. లోపల సన్నటి తీగల వల, అక్కడక్కడ పురుగు కొట్టేసిన దోమతెరలా ఉంది. పచ్చటి చిలుము. వేలు పెడితే పొడిగా రాలింది.

"చూడమ్మా," అన్నాడు, "యాంటెన్నా వైరంటే బయటికి అన్నీ ఒకటే నల్లటి తాడు. తొక్క ఒలిస్తేనే గుణం తెలిసేది. నడుమ తీగలో బొమ్మ ప్రయాణం చేస్తుంది. చుట్టూ ఉన్న ఈ వల దానికి కాపలా. కాపలా ఇలా చిరిగిపోతే పక్కన ఏ మోటారు తిరిగినా ఆ గోల లోపలికి దూరుతుంది. మీ ఇంట్లో మిక్సీ గానీ మిషను గానీ తిరిగినప్పుడు బొమ్మ పోతోందా?"

పోతోందన్నాను. కుట్టుమిషను మోటారు అని చెప్పడానికి కూడా సిగ్గేసింది.

మేకు దిగిన చోట నీళ్లు పట్టాయనీ, ఆ నీళ్లు వల వెంబడే పాకి ఇంకెంత దూరం పోయాయో అనీ చెప్పాడు. తర్వాత బల్ల మీద నుంచి చిన్న అయస్కాంతం తీసి నడుమ తీగకి ఆనించాడు. టక్కున అంటుకుంది. పైన రాగి పూత, లోపల ఇనుము. అది మరీ తప్పు కాదుగానీ మేడ మీద నుంచి హాలు దాకా అంత పొడుగు లాగేటప్పుడు నిండు రాగి అయితే నిశ్చింత అన్నాడు. ఇంకో రెండు చుట్టలు దింపి వాటినీ ఒలిచి చూపించాడు. ఒకదానిలో వల ఒక్కటే. రెండో దానిలో వల కింద వెండి కాగితంలా మెరిసే రేకు చుట్టి ఉంది. రేకు, దాని మీద ఒత్తుగా వల, నడుమ నిండు రాగి. మీకు కావలసింది ఇదీ అన్నాడు.

అప్పుడు మళ్లీ మా ముక్కని చేతిలోకి తీసుకుని, తొక్క మీద అచ్చేసిన అక్షరాలు చూసి ఆగిపోయాడు. అద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాడు.

"ఇది ఎవరు వేశారన్నావు?"

"మామయ్యే."

"గురువుగారు వెయ్యరమ్మా. ఇది టీవీ వైరే కాదు. టీవీకి డెబ్బై ఐదు అని ఉంటుంది, దీని మీద యాభై అని ఉంది. ఇది వైర్‌లెస్ సెట్లకి వాడేది. ఆ అంకె తేడా ఒక్కదానివల్లే బొమ్మ మొత్తం పోదనుకో. కానీ ఒకసారి నేను పొరపాటున ఇలాంటిదే తీస్తే వారం రోజులు నాతో మాట్లాడలేదాయన. వైరు ముట్టుకునే ముందు అంకె చదవరా అని. ఆయనే ఇది వేశారంటే నేను నమ్మను."

కొత్త వైరు చుట్ట భుజానికి తగిలించుకుని వస్తుంటే నాకు దారంతా ఒకటే ఆలోచన. ముప్పై ఏళ్ల మెకానిక్కు అంకె చూడకుండా వైరు వేస్తాడా? టైలరమ్మ రావడం ఆయనకి మొదట్నుంచీ ఇష్టంలేదు. పాచిపోయిన వైరుని తీసుకెళ్లి సరిగ్గా ఆవిడ కిటికీ పక్కనుంచే లాగారు. మోటారు తిరిగితే ఏమవుతుందో నాకు తెలియకపోవచ్చు, ఆయనకి తెలియదా? ఇంటికొచ్చేసరికి నాకు తీర్పు కూడా తయారైపోయింది. ఆవిణ్ణి పంపించడానికి ఈయన కావాలని చేశారు. ఆ రోజు అన్నం వడ్డిస్తూ ఆయన మొహంలోకి చూడలేకపోయాను. ఆయన కూర గిన్నె కోసం చెయ్యి చాపి, దాని పక్కన గాలిని పట్టుకున్నారు. అది కూడా నాకు నాటకంలాగే కనిపించింది.

మా ఆయనకి సెలవు దొరికిన రోజు పాత వైరు పీకేశాం. కొత్తది లాగుతుంటే మామయ్య కింద కుర్చీ వేసుకుని కూర్చుని అన్నీ చెబుతూనే ఉన్నారు. వైరుని మడత పెట్టొద్దు, గుండ్రంగా తిప్పండి. మేకులొద్దు, క్లిప్పులు వెయ్యండి, గొంతు పిసికినట్టు బిగించకండి. గోడలో దూరే ముందు కొంచెం కిందికి వేలాడనివ్వండి, వాన నీళ్లు అక్కడే బొట్లు బొట్లుగా కారిపోవాలి. అన్నీ సరైన మాటలే. వింటున్నకొద్దీ నాకు మంట పెరిగింది. ఇంత తెలిసినవాడు అంత పని ఎలా చేశాడు?

చివర్న వైరుకి పిన్ను బిగించాలి. అది నాకివ్వండి అన్నారాయన. తొక్క ఒలిచి, వల వెనక్కి మడిచి, రాగి తీగకి పిన్ను తొడగాలి. ఒకసారి చేశారు. మా ఆయన చూసి, వలలోంచి ఒక పోగు నడుమ తీగకి తగులుతోందన్నారు. కోసి మళ్లీ చేశారు. మళ్లీ తగిలింది. మూడోసారి ఆయన వైరు చివరని కంటికి దగ్గరగా తెచ్చుకుని, తల పక్కకి తిప్పి, కోడి గింజని చూసినట్టు చూశారు. వెలుతురు చాలట్లేదన్నారు. మిట్టమధ్యాహ్నం. మబ్బు కూడా లేదు. మా ఆయన ఆ వైరు మెల్లగా తీసుకుని తనే బిగించారు. నేనప్పుడు కూడా ఏమీ అనుకోలేదు.

సాయంత్రం టీవీ పెట్టాం. మా ఆయన పైకెళ్లి, ఒక్క పది నిమిషాలు మిషను నడపమని టైలరమ్మని బతిమాలి వచ్చారు. పైన మోటారు మోత మొదలైంది. మేం ముగ్గురం తెరకేసి చూస్తూ నిలబడ్డాం. బొమ్మ చెదరలేదు. ఏదో ఆట వస్తోంది. పచ్చిక మీద తెల్ల గీతలు, గీతల వెంట పరిగెత్తే మనుషులు, వాళ్ల బూట్ల లేసులు కూడా కనిపిస్తున్నాయి. మోత ఆగింది, మళ్లీ మొదలైంది. బొమ్మకి చీమ కుట్టినట్టయినా లేదు. మా ఆయన తండ్రి వైపు తిరిగి, ఇప్పుడేమంటారు అన్నట్టు చూశారు.

మామయ్య ముందుకి వంగి వేలు చూపించారు.

"ఇంకా అలాగే ఉంది కదరా. ఆ గీత చూడు. నడిమధ్య గుంటలో పడ్డట్టు వంగిపోయింది."

మా ఆయనకి కోపం వచ్చి వాకిట్లోకి వెళ్లిపోయారు. నేను ఎప్పట్లాగే అవునన్నట్టు తలాడించబోయాను. మరి ఆ రోజు చేతిలో పనేమీ లేకనో, ఆయన మీద కోపంతోనో, దగ్గరికెళ్లి ఆ గీతని చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను.

"మామయ్యా, అది తిన్నగానే ఉంది."

"సరిగ్గా చూడమ్మా."

"చూశాను. తిన్నగా ఉంది."

ఆయన టీవీ కట్టెయ్యమన్నారు. కట్టేశాను. ఆయన కుర్చీలోంచే కిటికీకేసి తిరిగారు. ఇనుప చువ్వల కిటికీ. కుడి కన్ను మూసుకుని చూశారు. తర్వాత ఎడమ కన్ను మూసుకుని చూశారు. మళ్లీ కుడి కన్ను. పైన మిషను ఆగిపోయింది. టైలరమ్మ పది నిమిషాలూ అయ్యాయనుకున్నట్టుంది.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాను.

"వేసవి నుంచి. ముందు అద్దాలు మారిస్తే పోతుందనుకున్నాను." కిటికీ మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నారు, "ఆ వైరు మీద అంకె నీచేత చదివించుకోవాల్సింది. నిచ్చెన పట్టుకుని పక్కనే ఉన్నావు. అడగబుద్ధి కాలేదు."

కావాలని చేశారనుకున్నానని ఆయనతో నేను చెప్పలేదు. ఈ రోజుకీ చెప్పలేదు.

మర్నాడే కళ్లాసుపత్రికి వెళ్లాం. గళ్ల కాగితం ఒకటి ముందు పెట్టి, ఏ గీతలు వంగాయో గీసి చూపించమన్నారు. ఆయన ఎడమ కంటితో గీసింది చూసి డాక్టరమ్మ మళ్లీ ఒకసారి కంట్లోకి లైటు వేసి చూసింది. ఎడమ కంట్లో నడిమి చూపు చాలావరకు పోయింది, అది ఇక రాదని చెప్పింది. కుడి కంట్లో అప్పుడప్పుడే మొదలవుతోంది. కంట్లోకే సూది మందు వేస్తే ఆపొచ్చంది. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే తన చేతుల్లో ఉండేది కాదంది. కంట్లోకి సూది అనేసరికి నేను కుర్చీ పట్టుకున్నాను. మామయ్య మాత్రం, సూది ఎంత సన్నమో, మందు ఏ మోతాదులో పోతుందో అడిగి తెలుసుకున్నారు. పనిముట్ల గురించి మాట్లాడుతున్నంతసేపూ ఆయన పాత మనిషే.

వానలు తగ్గేలోపల మూడు సూదులు పడ్డాయి. కుడి కన్ను నిలబడింది. ముందుగదిలో బల్ల ఇప్పుడు నాది. సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని చెబుతారు, నేను టంకం పెడతాను. మొదటి నెల రెండుసార్లు చెయ్యి కాల్చుకున్నాను. ఆయన తిట్టిన తిట్లు తన శిష్యుణ్ణి కూడా తిట్టి ఉండరు.

టైలరమ్మ మాత్రం ఆగలేదు. అప్పటికే వేరే ఇల్లు మాట్లాడుకుంది. వెళ్లే రోజు పొద్దున మామయ్య మెట్ల పక్క చువ్వ పట్టుకుని ఒక్కో మెట్టూ తడుముకుంటూ పైకెక్కారు. నేను చెయ్యి ఇవ్వబోతే వద్దన్నారు. ఆవిడ గుమ్మం ముందు నిలబడి, తప్పు తనదేననీ, వైరు తనే తప్పు వేశాననీ, కళ్లు కనబడని సంగతి దాచుకుని నింద ఆవిడ మీద వేశాననీ చెప్పారు. ఎక్కడా నీళ్లు నమల్లేదు. వినడానికి నాకే కష్టమైంది. ఆవిడ కళ్లు తుడుచుకుంది. మీ కంటికి జాగ్రత్త బాబాయ్ గారూ, సూది మందు మానకండి అంది. ఆయన దిగేదాకా చూస్తూ నిలబడింది.

ఆయన వెళ్లాక నేను కూడా ఏదో అనాలని గొంతు సవరించుకున్నాను. ఆవిడ బట్టల మూటకి ముడి వేస్తూ, తల ఎత్తకుండానే అంది.

"ఆయనకి కనపడలేదు. నీకేమైంది? నేను మెట్లెక్కుతుంటే రోజూ కిటికీ దగ్గర నిలబడి నా చేతులు చూసేదానివి."

చెల్లెమ్మా అనలేదు. కోపంగా కూడా అనలేదు. అడిగింది, అంతే. జవాబు కోసం ఆగకుండా ముడి బిగించింది.

కింద వ్యాను వచ్చి హారను కొట్టింది. మిషను బల్ల బరువు, ఒక్కరి వల్ల కాదు. ఒక పక్క ఆవిడ పట్టుకుంది, రెండో పక్క నేను పట్టుకున్నాను. వెనక్కి నడుస్తున్నది నేను కాబట్టి మెట్లు నాకు కనపడవు. ఇంకొకటి, ఇంకొకటి అని ఆవిడ చెబుతూ ఉంటే ఒక్కో మెట్టూ దిగాను. మలుపు దగ్గర, ఎడమకి జరుగు అంది. జరిగాను. వ్యానులో పెట్టాక, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి నాలుగు మూలలా తాడు కట్టుకుంది. నేను రెండో చివర పట్టుకుంటానని చెయ్యి చాపాను. ఒక క్షణం నా చెయ్యికేసి చూసి, తాడు చివర ఇచ్చింది. బిగించి ముడి వేశాను. ఆవిడ ఆ ముడిని ఒకసారి లాగి చూసుకుని, ఎక్కి కూర్చుంది.